తెరుచుకుని మూసుకునే సందు: డ్రైన్ తవ్వకంలో ఒక ప్రొక్లైన్ ప్రమాదం

కోస్తాలో ఒక పట్టణం మధ్యగా పోయే రెండు లైన్ల రోడ్డును నాలుగు లైన్లు చేస్తున్నారు. ఎడమ పక్క దుకాణాల ముందు ఆర్‌సీసీ డ్రైన్ కోసం మీటరున్నర లోతు కందకం తవ్వుతున్నారు. మే నెల, పొద్దు నడినెత్తికి వస్తున్న వేళ. కాంక్రీటు పోయడానికి అచ్చులు బిగించే షట్టరింగ్ గ్యాంగ్‌లో హెల్పర్‌గా ఉన్న కుర్రాడు, చైన్ల మీద నడిచి మట్టి తవ్వే 20 టన్నుల ప్రొక్లైన్ వెనుక ఉండే బరువు దిమ్మకీ (కౌంటర్‌వెయిట్), రోడ్డు వైపు నిలబెట్టిన రేకు బారికేడ్‌కీ మధ్య ఇరుక్కుపోయాడు. కేక విని ఆపరేటర్ మెషీన్‌ను వెనక్కి తిప్పేలోపే పక్కటెముకలు విరిగాయి, భుజం విరిగింది, ఊపిరితిత్తి చుట్టూ రక్తం చేరింది. బతికాడు. ఇరుక్కున్నది బారికేడ్ పోస్టు దగ్గర కాకుండా రెండు పోస్టుల నడుమ కావడంతో రేకు రోడ్డు వైపుకి ఉబ్బి కాస్త చోటిచ్చింది. నేను వెళ్లేసరికి ఆ ఉబ్బు ఇంకా అలాగే ఉంది.

ప్రధాన కాంట్రాక్టర్ బయటి మనిషిగా నన్ను విచారణకు పిలిచేటప్పటికే ఒక పేజీ రిపోర్టు తయారై ఉంది. కార్మికుడు హెచ్చరికలు పట్టించుకోకుండా మెషీన్ తిరిగే పరిధిలోకి వెళ్లాడని, మూల కారణం అతని నిర్లక్ష్యమని, టూల్ బాక్స్ టాక్ (పని చోటే చెప్పే చిన్న భద్రతా పాఠం) పెట్టి అందరికీ అవగాహన కల్పించామని అందులో రాశారు. అదే పేజీలో పైన, ప్రమాద సమయానికి అతను హెల్మెట్, రిఫ్లెక్టివ్ జాకెట్, సేఫ్టీ షూ వేసుకుని ఉన్నాడనీ ఉంది. అన్నీ ఒంటి మీద వేసుకుని మరీ నిర్లక్ష్యంగా ఉన్నాడన్నమాట! పేరూ తేదీ మార్చుకుంటే ఏ సైటుకైనా సరిపోయే రిపోర్టు ఇది. దీన్ని పక్కన పెట్టి, మెషీన్‌ను ఆ రోజు నిలిచిన చోటే నిలబెట్టమన్నాను.

టేపు పెట్టి కొలిస్తే

కందకం అంచు నుంచి రేకు బారికేడ్ వరకు పని చేయడానికి మిగిలిన చోటు 5.5 మీటర్లు. నల్లరేగడి నేల కాబట్టి అంచు జారకుండా మెషీన్ చైన్‌ను అంచుకు మీటరు ఇవతల ఉంచారు. అది సరైన పనే. మెషీన్ వెడల్పు 2.8 మీటర్లు. అంటే రోడ్డు వైపు చైన్‌కీ బారికేడ్‌కీ మధ్య 1.7 మీటర్ల చోటు మిగులుతుంది. మనిషి తలవంచకుండా, ఒళ్లు ముడుచుకోకుండా నడిచిపోయేంత దారి.

ఇప్పుడు పైభాగం సంగతి. ఈ తరగతి ప్రొక్లైన్‌లలో తిరిగే కేంద్రం నుంచి కౌంటర్‌వెయిట్ చివరి దాకా సుమారు 2.75 మీటర్లు ఉంటుంది. మెషీన్ కందకానికి సమాంతరంగా, ట్రాఫిక్ వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి నిలబడింది. టిప్పర్ దాని ముందు ఉంది. మెషీన్ చేయి (బూమ్) టిప్పర్ మీద ఉన్నంతసేపూ కౌంటర్‌వెయిట్ వెనక్కి, చైన్ల వరుసలోనే ఉంటుంది. పక్కన 1.7 మీటర్ల దారి ఖాళీగా కనిపిస్తుంది. బకెట్ మట్టి దులిపేసి బూమ్ ఎడమకు, కందకం మీదికి తిరగ్గానే కౌంటర్‌వెయిట్ కుడికి, బారికేడ్ మీదికి వస్తుంది. అప్పుడు మిగిలేది 35 సెంటీమీటర్లు.

అంటే అది దారి కాదు, తలుపు. బకెట్‌కొకసారి తెరుచుకుంటుంది, బకెట్‌కొకసారి మూసుకుంటుంది. మూసుకోవడానికి పట్టేది కొన్ని సెకన్లు. వెనుక నుంచి వచ్చే మనిషికి అది తెరిచి ఉన్నప్పుడే కనిపిస్తుంది కాబట్టి దారి ఉందనే అనుకుంటాడు. మెషీన్ ఏ భాగానికైనా, ముఖ్యంగా కౌంటర్‌వెయిట్‌కీ దగ్గర్లోని అడ్డుకీ మధ్య అర మీటరుకు మించి ఖాళీ ఉండాలని, లేకపోతే ఆ చోటికి ఎవరూ రాకుండా మూసేయాలని బ్రిటన్ ఆరోగ్య భద్రత సంస్థ హెచ్ఎస్ఈ చెబుతుంది. ఇక్కడ అర మీటరూ లేదు, మూసేయడమూ లేదు.

తర్వాత నేను క్యాబిన్‌లో కూర్చున్నాను. ఒక సూపర్‌వైజర్‌ను జాకెట్ వేసుకుని కుడి వెనుక మూల దగ్గర నిలబడమన్నాను. ప్రొక్లైన్‌లో ఆపరేటర్ సీటు ఎడమ పక్క ఉంటుంది. కుడి పక్కంతా బూమ్, దాని వెనుక ఇంజన్ కప్పు. మనిషి కనిపించలేదు, జాకెట్ రంగు కూడా కనిపించలేదు. కుడి అద్దం ఉండాల్సిన చోట బ్రాకెట్ మాత్రమే ఉంది. ఇరుకు సైట్లలో ఆ అద్దం గోడకో చెట్టుకో తగిలి పోతుంది, మళ్లీ ఎవరూ పెట్టరు. మెషీన్ ఎడమకు తిరుగుతున్నప్పుడు ఆపరేటర్ కళ్లు కందకం మీద ఉంటాయి, ఉండాలి కూడా. అవతల దుకాణాల మెట్లున్నాయి, కింద మంచినీళ్ల పైపుంది.

ఆపరేటర్ జార్ఖండ్ మనిషి. భయంతో బిగుసుకుపోయి ఉన్నాడు. "హారన్ తో బజాయా థా సాబ్," (హారన్ కొట్టాను కదా సార్) అని మళ్లీ మళ్లీ అన్నాడు. కొట్టే ఉంటాడు, నాకు అనుమానం లేదు. రేకుకు అవతల బస్సులు, లారీలు, ఆటోలు పొద్దస్తమానం కొట్టే హారన్లలో ఏది మెషీన్‌దో తెలుసుకునే చెవి ఎవరికుంటుంది? రివర్స్ అలారం పనిచేస్తోందా అని కాంట్రాక్టర్ మనుషులు పదేపదే పరీక్షించి చూపించారు. పనిచేస్తోంది. కానీ అది చైన్ వెనక్కి నడిచినప్పుడే మోగుతుంది. చైన్లు కదలకుండా పైభాగం మాత్రమే తిరిగితే మోగదు. ఈ తేడా సైట్‌లో చాలామందికి తట్టదు. రివర్స్ హారన్ ఉంటే మెషీన్ కదిలిన ప్రతిసారీ చెబుతుందనుకుంటారు.

అటు ఎందుకు వెళ్లాడు

ఈ ప్రశ్నను "ఎందుకు వెళ్లావు" అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. తప్పు ఒప్పుకోమని అడిగినట్టుంటుంది. గ్యాంగ్‌లో ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి కూర్చున్నప్పుడు, రోజుకి ఎన్నిసార్లు నీళ్లు తాగుతారు, ఎక్కడ తాగుతారు అని మొదలుపెట్టాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దావిడ తేల్చి చెప్పేసింది. "నీల డ్రమ్ము అటెట్టినారు, మమ్మల్ని ఇటెట్టినారు. మరేటి సేత్తాం బాబూ?"

సంగతి అంతే. తవ్వకం ముందుకు సాగుతుంటే వెనుక పీసీసీ (అడుగున వేసే ఇనుము లేని కాంక్రీటు), ఇనుము, షట్టరింగ్ వరుసగా వస్తున్నాయి. నీళ్ల డ్రమ్ము, టార్పాలిన్ నీడ, ఆడవాళ్లకు కట్టిన తాత్కాలిక మరుగుదొడ్డి మూడూ మెషీన్‌కు ముందు, టిప్పర్లు వచ్చిపోయే ఓపెనింగ్ దగ్గర ఉన్నాయి. నీళ్ల ట్యాంకర్ అక్కడిదాకానే రాగలదు కాబట్టి అక్కడ పెట్టారు. గ్యాంగ్ వెనుక, నీళ్లు ముందు, నడుమ మెషీన్. ఎడమ పక్క కందకం, దాని అవతల దుకాణాల గోడలు. కుడి పక్క ఆరడుగుల పైచిలుకు రేకు. మే ఎండలో పని చేసే మనిషి ఆ సందులోంచే వెళ్లాలి. అందరూ వెళ్తున్నారు. ఆ రోజు ఆ కుర్రాడి వంతు వచ్చింది. ఇదే కాంట్రాక్టు కింద ఇంకోచోట ఇదే తరహా పని జరుగుతుంటే దూరంగా నిలబడి గమనించాను. సూపర్‌వైజర్, సర్వే కుర్రాళ్లు, టీ తెచ్చే మనిషి అంతా అదే దారి. ఆపరేటర్ భోజనం క్యారియర్ పట్టుకొచ్చిన అతను కూడా.

మెషీన్ హెల్పర్ ఎక్కడున్నాడన్నది తర్వాతి ప్రశ్న. అద్దె మెషీన్‌తో పాటు ఆపరేటర్, హెల్పర్ ఇద్దరూ వస్తారు. గ్రీజు పెట్టడం, డీజిల్ పోయడం, మెషీన్ చుట్టూ చూసుకోవడం హెల్పర్ పని. ప్రమాదం జరిగినప్పుడు అతను ఓపెనింగ్ దగ్గర జెండా పట్టుకుని రోడ్డు మీద బండ్లు ఆపుతున్నాడు. ఫ్లాగ్‌మన్ భోజనానికి వెళ్లాడు. నిండిన టిప్పర్ రోడ్డెక్కాలి, ఖాళీది రివర్స్‌లో లోపలికి రావాలి. టిప్పర్ డ్రైవర్లకు ట్రిప్పు లెక్కన డబ్బులు, నిలబడితే నష్టం. "కొంచెం అక్కడ నిలబడు" అని సూపర్‌వైజర్ పంపాడు. లోపల కాపలా ఉండాల్సిన మనిషిని బయటి ట్రాఫిక్ లాక్కుపోయింది.

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే. ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ ప్లాన్ తీసి చూశాను. మంచి ప్లాన్. రోడ్డు పనుల చోట ట్రాఫిక్ నిర్వహణ మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్‌పీ 55లో చెప్పిన నాలుగు భాగాలూ ఉన్నాయి. ముందస్తు హెచ్చరిక జోన్, దారి మళ్లే జోన్, పని జోన్, మళ్లీ మామూలు దారిలో కలిసే జోన్. బోర్డు ఎంత దూరంలో, కోన్లు ఎంత ఎడంలో, రాత్రి ఎర్ర లైట్లు ఎక్కడ, ఫ్లాగ్‌మన్ ఎక్కడ, అన్నీ కొలతలతో గీశారు, ఆమోదం ముద్రలు పడ్డాయి. పని జోన్ దగ్గరకు వచ్చేసరికి ఒక పొడవాటి డబ్బా గీసి లోపల ఏటవాలు గీతలు కొట్టి వదిలేశారు. ఆ డబ్బా లోపల 20 టన్నుల మెషీన్ ఉంది, టిప్పర్లు ఉన్నాయి, పాతికమంది దాకా మనుషులున్నారు. వాళ్లు ఎక్కడ నడుస్తారో, ఎక్కడ తాగుతారో, ఎక్కడ కూర్చుంటారో చెప్పే గీత ఒక్కటీ లేదు. ప్లాన్ మొత్తం కారులో వెళ్లేవాడి కోసం గీసింది. రేకు బారికేడ్ కారును లోపలికి రాకుండా ఆపింది, దాని పని అది చేసింది. కానీ లోపలి మనిషికి వెనక్కి తగ్గే చోటు లేకుండా చేసింది కూడా అదే. కోన్లు, తాడు కట్టిన చోట ఇదే ప్రమాదం జరిగి ఉంటే ఆ కుర్రాడు కోన్‌తో సహా రోడ్డు వైపు పడేవాడు. అది వేరే ప్రమాదం అనుకోండి, తేలికైనదనీ చెప్పలేను. కాకపోతే ఏ రకం బారికేడ్ వాడాలని నిర్ణయించేటప్పుడు లోపలి మెషీన్ తోక (తిరిగేటప్పుడు బయటికొచ్చే కౌంటర్‌వెయిట్) ఎంత అని ఎవరూ అడగరు. బయటి బండి వేగం ఎంత అనే అడుగుతారు.

అమెరికాలో కార్మికుల భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 2001లోనే హైవే పనులకు లోపలి ట్రాఫిక్ ప్లాన్ వేరుగా ఉండాలని సూచించింది. మెషీన్లు ఏ దారిన వస్తాయి, నడిచేవాళ్లు ఏ దారిన పోతారు, ఏ చోటికి కాలినడకన వెళ్లకూడదు అన్నవి అందులో గీస్తారు. మన దగ్గర 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నిర్మాణ కార్మికుల చట్టం కింద వచ్చిన 1998 కేంద్ర నిబంధనల్లో రవాణా, మట్టి తవ్వే యంత్రాల మీద ఒక అధ్యాయమే ఉంది. నిబంధన లేక కాదు, గీసే మనిషి లేక.

అసలు ఈ మెషీన్ ఇక్కడెందుకు

మీటరున్నర డ్రైన్‌కు 20 టన్నుల ప్రొక్లైన్ దేనికి? ప్రాజెక్ట్ మేనేజర్‌ను అడిగితే ముందు ప్రొడక్షన్ అన్నాడు. లాగ్ షీట్లు తీస్తే ఆ మాట నిలబడలేదు. టిప్పర్ల కోసం ఎదురుచూస్తూ మెషీన్ సగం పూట ఖాళీగానే ఉంది. చివరికి తేలిందేమిటంటే, ఊరి బయట గట్టు పని కోసం దాన్ని నెలవారీ అద్దెకు తెచ్చారు. భూసేకరణ తగాదాతో అక్కడ పని ఆగింది. అద్దె మాత్రం ఆగదు. ఉన్నదాంతో డ్రైన్ కానిచ్చేద్దాం అనుకున్నారు.

జేసీబీ బ్యాక్‌హో అయితే ఈ ప్రమాదం ఈ రూపంలో జరగడానికి వీల్లేదు. దానికి వెనుక చేయి మాత్రమే పక్కలకు తిరుగుతుంది, బండి శరీరం కదలదు, తిరిగే కౌంటర్‌వెయిట్ ఉండదు. మీటరున్నర లోతు దానికి లెక్కే కాదు. డ్రైన్ వరుస మీదే నిలబడి వెనక్కి జరుగుతూ తవ్వుకుంటూ పోవచ్చు. బకెట్ చిన్నది, పని కొంచెం నెమ్మది. ఎలాగూ టిప్పర్ కోసం ఆగే చోట ఆ నెమ్మది వల్ల పోయేదేమీ లేదు. ప్రొక్లైనే కావాలంటే తోక బయటికి రాని చిన్న మెషీన్లూ దొరుకుతాయి. మెషీన్ ఎంపిక భద్రతా విభాగం చేతిలో ఉండదు, ప్లాంట్ విభాగమూ బిల్లింగ్ విభాగమూ చూసుకుంటాయి. భద్రతా అధికారి సైట్‌కు వచ్చేసరికి మెషీన్ దిగి ఉంటుంది. ఆ తర్వాత అతనికి మిగిలేది హెల్మెట్లు లెక్కపెట్టడం.

విచారణలో పక్కదారిగా బయటపడింది ఇంకొకటుంది. కందకం వెంబడే 11 కేవీ లైను పోతోంది. రోడ్డు వెంట పోయే అలాంటి లైనుకు నేల నుంచి కనీసం 5.8 మీటర్ల ఎత్తు ఉండాలన్నది పాత నిబంధనల కాలం నుంచి ఉన్న లెక్క. లైను వేసినప్పుడు ఉండే ఉంటుంది. ఇప్పుడు రోడ్డు మట్టం పెంచారు, స్తంభాలు మార్చే పని పెండింగ్‌లో ఉంది. అంటే ఎత్తు తగ్గింది. 20 టన్నుల ప్రొక్లైన్ బూమ్ పూర్తిగా ఎత్తితే 9 మీటర్లు దాటుతుంది. ఇన్నాళ్లూ తగలకపోవడం ఆపరేటర్ నైపుణ్యం. ఆ భాగంలో లైన్ క్లియర్ (కరెంటు ఆపినట్టు విద్యుత్ శాఖ ఇచ్చే అనుమతి) తీసుకోకుండా తవ్వొద్దని అదే రోజు రాసిచ్చాను. బూమ్ లైనుకు తగిలితే ఆపరేటర్ క్యాబిన్‌లోనే ఉండాలి, మిగతావాళ్లు దగ్గరికి రాకూడదు, మెషీన్‌కు మంటలంటుకుంటే తప్ప దిగకూడదు, దిగాల్సి వస్తే మెషీన్‌నూ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి అని చెబితే, అక్కడున్న నలుగురు ఆపరేటర్లలో ముగ్గురు మొదటిసారి విన్నట్టు చూశారు.

మార్చినవి, మారనివి

మొదటి మార్పుకు ఖర్చు దాదాపు లేదు. నీళ్లు, నీడ, మరుగుదొడ్డి మెషీన్‌కు రెండు వైపులా పెట్టించాం. ట్యాంకర్ రాని వైపుకి చిన్న ట్రాలీ మీద డ్రమ్ము. సందులోంచి నడిచేవాళ్లు ఆ పూట నుంచే బాగా తగ్గిపోయారు. బోర్డులు, టూల్ బాక్స్ టాక్‌లు చేయలేని పని ఒక నీళ్ల డ్రమ్ము చేసింది.

రెండోది, సందును మూసేయడం. మెషీన్‌కు ముందొకటి, వెనుకొకటి, చైన్ నుంచి బారికేడ్ దాకా అడ్డంగా చిన్న ఇనుప గేట్లు. మెషీన్ జరిగినప్పుడల్లా హెల్పర్ వాటిని జరపాలి. ఎవరైనా తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఆపరేటర్ బకెట్ నేలకు ఆనించి, సేఫ్టీ లివర్‌ను లాక్‌లో పెట్టి, చేయి బయటికి ఊపాలి. ఆ లివర్ లాక్‌లో ఉంటే జాయ్‌స్టిక్ తగిలినా మెషీన్ తిరగదు. చేయి కనిపించాకే గేటు తెరవాలి. భాష అవసరం లేని గుర్తు కాబట్టి జార్ఖండ్ ఆపరేటర్‌కూ శ్రీకాకుళం గ్యాంగ్‌కూ సరిపోయింది. మొదట్లో ఆపరేటర్లు విసుక్కున్నారు. దాటేవాళ్లు తగ్గాక ఆపాల్సిన సందర్భాలూ తగ్గి, విసుగు పోయింది.

అద్దం బిగించారు, వెనుకకూ కుడికీ కెమెరాలు పెట్టారు. నాకు కెమెరాల మీద మరీ నమ్మకం లేదు. మట్టి పనిలో పూట గడిచేసరికి లెన్స్ మీద దుమ్ము పేరుకుంటుంది. తుడవడానికి ఒక గుడ్డ, తుడిచినట్టు పొద్దున చెక్‌లిస్టులో ఒక గడి పెట్టించాను. గడిలో టిక్కు రోజూ పడుతోంది. గుడ్డ మాత్రం రెండోసారి వెళ్లినప్పుడు కనిపించలేదు.

టిప్పర్లకు రెండు ఓపెనింగ్‌లు ఇచ్చి, ఒకదాంట్లోంచి ముందుకు వచ్చి ఇంకోదాంట్లోంచి ముందుకే పోయేలా చేయాలన్నాను. 5.5 మీటర్లలో మెషీన్ పక్క నుంచి టిప్పర్ పోలేదు కాబట్టి ఊరి భాగంలో అది కుదరలేదు. ఊరి బయట కుదిరింది. ట్రిప్పు రేటు బదులు షిఫ్టు రేటు ఇవ్వమన్న సూచనను కాంట్రాక్టర్ నవ్వి పక్కన పెట్టాడు. ఆ రేటు ఉన్నంతకాలం ఓపెనింగ్ దగ్గర తొందర ఉంటుంది, ఫ్లాగ్‌మన్ మీద ఒత్తిడి ఉంటుంది. దాన్ని దృష్టిలో పెట్టుకునే భోజన వేళకు రెండో ఫ్లాగ్‌మన్‌ను వేయాలని, వేయలేకపోతే ఆ గంట టిప్పర్ కదలకూడదని పట్టుబట్టాను.

డ్రైన్ మిగతా భాగానికి జేసీబీ వచ్చింది. ప్రొక్లైన్ అద్దె నష్టం మీద పెద్ద చర్చే జరిగింది. గాయపడ్డ మనిషి ఆసుపత్రి ఖర్చు, పని ఆగిన రోజులు, పోలీసు కేసు ఖర్చులు ఒక పక్క, మెషీన్ ఖాళీగా ఉన్న అద్దె ఇంకో పక్క రాసి చూపిస్తే ఆగింది.

ఆ కుర్రాడి గురించి. ఇరుకులోంచి తీశాక నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో వేశారు. ఛాతీ నలిగిన మనిషిని అలా ఎత్తకూడదు. ఊపిరి ఆడే భంగిమలో కదలకుండా ఉంచి 108 రప్పించాలి. సైట్ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో జ్వరం మాత్రలు, దూది, గడువు తీరిన అయొడిన్ ఉన్నాయి. పరిహారం దగ్గర సబ్ కాంట్రాక్టర్ ఇతను మా మస్టర్‌లో (హాజరు పట్టీలో) లేడన్నాడు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం అలాంటి చోట ప్రధాన యజమాని మీద కూడా బాధ్యత ఉండేది, చెల్లించాక సబ్ కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకునే వీలుండేది. ఆ సెక్షన్ కాపీ పక్కన పెట్టాకే మాటలు ముందుకు సాగాయి.

తేలడానికి ఎక్కువ కాలం పట్టింది మెషీన్ హెల్పర్ విషయం. గేట్లు జరపడం, మెషీన్ చుట్టూ కాపలా అతని పనిగా పెట్టాం. మెషీన్ మారితే హెల్పర్ మారతాడు, కొత్తవాడికి ఎవరూ చెప్పరు. అతని జీతం ఇచ్చేది మెషీన్ యజమాని, బత్తా ఇచ్చేది ఆపరేటర్. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ చెబితే ఎందుకు వినాలి? చివరికి అద్దె వర్క్ ఆర్డర్‌లోనే రెండు షరతులు రాయించాం. హెల్పర్ మెషీన్‌ను వదిలి వేరే పనికి వెళ్తే ఆ గంట అద్దె కట్. కాంట్రాక్టర్ మనుషులే అతన్ని వేరే పనికి పంపితే మెషీన్ ఆగాలి, అద్దె మాత్రం చెల్లించాలి. మొదటి దానికి మెషీన్ యజమానులు వెంటనే ఒప్పుకున్నారు. రెండోదాని మీద సంతకం పెట్టడానికి ప్రాజెక్ట్ ఆఫీసుకు మూడు మీటింగులు పట్టింది.